పడవ ఎక్కే ముందు



సీమలో నీళ్ల మాట వస్తే కరువు మాటే వస్తుంది. బోరు ఎండిపాయ, చెరువు నెర్రెలిచ్చె, బిందె పట్టుకుని అంత దూరం పోవాల! ఈ బాధలు అందరికీ తెలిసినవే. నీళ్లు లేక ఎండిన పంటను అందరూ చూసినారు. నీళ్లలో మునిగి పోయిన ప్రాణాల గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటారు. ఈరోజు ఆ మాటే.

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఇప్పుడు పెద్ద పెద్ద జలాశయాలు ఉన్నాయి. శ్రీశైలం, వెలుగోడు, అవుకు, గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్. పైన వానలు బాగా కురిసిన ఏడాది ఇవి నిండుతాయి. కరువు చూసిన కళ్లకు నిండిన నీళ్లు కనపడితే సంబరం. బిడ్డలకు చూపించాలని ఉంటుంది. పడవ ఎక్కాలని ఉంటుంది. కార్తీకమాసంలో, శివరాత్రికి, ఎండాకాలం సెలవుల్లో జనం బయలుదేరుతారు. శ్రీశైలం పాతాళగంగ దగ్గర పడవ ఎక్కి అక్కమహాదేవి గుహలకు పోతారు. అది తప్పు కాదు. కష్టపడే మనిషికి ఒక పూట సంతోషం కావాల్సిందే. ఆ సంతోషం ఇంటికి తిరిగి రావాల. అంతే.

ఒక పొదుపు సంఘం అనుకుందాం

పదహైదు మంది ఆడవాళ్లు. కూలి డబ్బుల్లో కొంచెం కొంచెం దాచుకున్నారు. బిడ్డలను తీసుకుని నీళ్లు చూడను వచ్చినారు. రేవులో ఒక పడవ ఉంది. అందులో అప్పటికే పన్నెండు మంది కూర్చుని ఉన్నారు.

"రండమ్మా, రండి. అందరూ ఎక్కండి" అన్నాడు పడవ మనిషి.

సంఘంలో ఒకామె ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. పడవ పక్కన రంగుతో రాసిన అక్షరాలను కూడబలుక్కుని చదివింది. "20 మంది" అని ఉంది.

"అన్నా, ఇరవై మంది అని రాసిండాది కదా! మేము ఎక్కితే ముప్పై దాటుతాం" అంది.

"ఏం కాదులేమ్మా. రోజూ తీసుకపోతాండాం. నీళ్లు కదలకుండా ఉండాయి చూడు" అన్నాడు అతను.

వెనక నుంచి ఒకామె కసిరింది. "పొద్దు పోతాంది, ఎక్కమ్మే! నాలుగు అక్షరాలు రాంగానే అందరికీ బుద్ధులు చెప్పేదానివైనావు!"

అందరూ నవ్వినారు. ఆమె ముఖం చిన్నబోయింది. ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద.

ఇప్పుడామె ఏం చేయాల? ఆ మాట చివర్లో చూద్దాం. ముందు జరిగిన సంగతులు కొన్ని తెలుసుకోండి.

జరిగిన ఘోరాలు

2007 జనవరి. కృష్ణానదిలో శ్రీశైలం వెనక నీళ్లు. ఇటు కర్నూలు జిల్లా నెహ్రూనగర్, అటు మహబూబ్‌నగర్ జిల్లా మంచాలకట్ట. అప్పుడు సింగోటం జాతర. జాతరకు పోయిన జనం నాటు పడవలో నది దాటుతున్నారు. పడవ బోల్తా పడింది. 60 మందికి పైగా చనిపోయినారు. ఆడవాళ్లు, బిడ్డలు ఎందరో పోయినారు.

2017 ఏప్రిల్. అనంతపురం జిల్లా గుంతకల్లు మండలం వై.టి. చెరువు. ఇంట్లో శుభకార్యానికి చుట్టాలు వచ్చినారు. సరదాగా చెరువులో తిరిగి వద్దామని ఎక్కినారు. అది మునిగింది. పది మందికి పైగా చనిపోయినారు. అందులో చాలామంది పిల్లలు. పెండ్లి, పేరంటం అని వచ్చిన చుట్టాలు ఏడుస్తూ పోయినారు.

2017 నవంబరు 12. విజయవాడ దగ్గర కృష్ణానది, పవిత్ర సంగమం. కార్తీకమాసం. నదీ హారతి చూడాలని జనం పడవ ఎక్కినారు. ఆ పడవకు అనుమతి లేదు. జనం ఎక్కువ. 22 మంది ప్రాణాలు పోయినాయి.

2019 సెప్టెంబరు 15. గోదావరిలో కచ్చులూరు దగ్గర. పాపికొండలు చూడను పోతున్న పడవ. నది వరద మీద ఉంది. పడవలో 77 మంది. బతికింది 26 మందే. వాళ్లనైనా కాపాడింది దగ్గరి ఊరి గిరిజనులు. చిన్న చిన్న పడవలు వేసుకుని వచ్చి నీళ్లలోంచి లాగినారు. మునిగిన పడవను పైకి తీయడానికి ఐదు వారాలు పట్టింది.

2023 మే. అవుకు జలాశయం. అక్కడ వరద లేదు, జాతర లేదు. ఒక కుటుంబం విహారానికి వచ్చింది. పడవ మునిగింది. ఆ ఇంటి ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇది ఒక్క మన రాష్ట్రంలోనే కాదు. కేరళలో తేక్కడి అనే చోట 2009లో 45 మంది చనిపోయినారు. అది ప్రభుత్వ సంస్థ పడవ. కేరళలోనే తానూరు దగ్గర 2023 మే 7న 22 మంది చనిపోయినారు. అది చేపల పడవ. దాన్ని మార్చి విహారానికి తిప్పినారు. పొద్దుగుంకినాక కూడా తిప్పినారు.

ఒక విషయం గమనించండి. పవిత్ర సంగమం, కచ్చులూరు, తానూరు. ఈ మూడూ ఆదివారమే జరిగినాయి. ఆదివారానికి ఏం పాపం? పాపం ఏమీ లేదు. ఆ రోజు సెలవు. సెలవు రోజున జనం ఎక్కువ. జనం ఎక్కువైతే పడవ మనిషికి ఆశ ఎక్కువ. చూసే అధికారి ఆ రోజు తక్కువ. పండగ, జాతర, సెలవు వస్తే జాగ్రత్త రెండింతలు ఉండాల.

పడవ ఎందుకు తిరగబడుతుంది?

ఇంటికి పోయినాక ఒక పని చేసి చూడండి. నీళ్ల తొట్టిలో ఒక గిన్నె వదలండి. అది తేలుతుంది. అందులో నాలుగు గులకరాళ్లు వేయండి. కొంచెం దిగుతుంది, కానీ తేలుతుంది. ఇంకా వేయండి. గిన్నె అంచు నీళ్ల దగ్గరికి వస్తుంది. ఇప్పుడు తొట్టిని కొంచెం కదిలించండి. ఒక చిన్న అల లోపలికి వస్తుంది. అంతే, గిన్నె మునుగుతుంది.

పడవ మనిషి "నీళ్లు కదలకుండా ఉండాయి" అంటాడు. ఒడ్డున కదలవు. నడుమకు పోతే గాలి కొడుతుంది. ఇంకో మర పడవ పక్కగా పోతే అల లేస్తుంది.

మళ్లీ గిన్నె తేలించండి. రాళ్లన్నీ ఒక పక్కకు జరపండి. గిన్నె ఒరిగి బోర్లా పడుతుంది. తేక్కడిలో ఇదే జరిగింది. ఒడ్డున అడవి జంతువులు కనపడితే జనం ఒక పక్కకు జరిగినారు. సెల్లు ఫోనులో ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు లేచినా ఇంతే.

నిలబడితే ఇంకా ప్రమాదం. నెత్తిన ఒక బిందె పెట్టుకుంటే నడవొచ్చు. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పెడితే ఊగుతుంది. బరువు ఎంత పైన ఉంటే ఊగులాట అంత ఎక్కువ. అందుకే పడవలో కూర్చోవాల.

జలాశయాల్లో ఇంకో సంగతి ఉంది. అవి సహజమైన చెరువులు కావు. కింద మునిగిన ఊళ్లు, గుట్టలు, చెట్ల మోడులు ఉంటాయి. శ్రీశైలం నిండితే మట్టం 885 అడుగులు. అప్పుడు సంగమేశ్వరం గుడి నీళ్ల అడుగున ఉంటుంది. నీళ్లు తగ్గితే గుడి బయటపడుతుంది. నిన్న లోతుగా ఉన్న చోట నేడు రాయి తగలొచ్చు. దారి తెలిసిన సరంగే పడవ నడపాల.

చట్టం ఏం చెబుతోంది?

లోతట్టు నీళ్లలో తిరిగే పడవల కోసం 2021లో దేశానికంతా కొత్త చట్టం చేసినారు. మర పడవను నమోదు చేయించాల. పడవ గట్టిగా ఉందా లేదా అని తనిఖీ చేయించి పత్రం తీసుకోవాల. నడిపే మనిషికి అర్హత పత్రం ఉండాల. ప్రాణం కాపాడే సామాను ఉండాల. భీమా ఉండాల. మోటారు లేని నాటు పడవలను కింది స్థాయిలోనే నమోదు చేసే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

కచ్చులూరు ఘోరం తర్వాత 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది చోట్ల కంట్రోలు రూములు పెట్టాలని నిర్ణయించింది. అందులో శ్రీశైలం ఒకటి. జలవనరుల శాఖ, పర్యాటక శాఖ, పోలీసులు, రెవెన్యూ వాళ్లు కలిసి పడవలను చూడాలన్నారు.

మంచి మాటే. అయితే నలుగురి పని అనేది ఒక్కోసారి ఎవరి పనీ కాకుండా పోతుంది. ఘోరం జరిగిన నెల పడవలు ఆపుతారు, పత్రాలు అడుగుతారు. జనం మరిచిపోయినాక పట్టు సడలుతుంది. మళ్లీ ఇంకో ఘోరం వస్తేగానీ బిగించరు. అడిగేవాళ్లు ఉంటేనే చట్టం మెలకువగా ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాల. అందరూ విహారానికే పడవ ఎక్కరు. శ్రీశైలం ఆనకట్ట కట్టినాక కృష్ణ వెడల్పయింది. పాత దారులు మునిగినాయి. అవతల చుట్టాలు, అవతల సంత, అవతల జాతర. రోడ్డు మీద పోతే చుట్టు తిరుగుడు. అందుకే పడవ. అటువంటి వాళ్లకు "పడవ ఎక్కొద్దు" అంటే సరిపోదు. వాళ్లకు వంతెన కావాల. సిద్ధేశ్వరం, సోమశిల నడుమ కృష్ణ మీద వంతెనకు 2022లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ నది ఒడ్డు జనం ఎన్నో ఏండ్లు అడిగితే వచ్చిన మాట అది.

పడవ మనిషి కూడా పగవాడు కాదు. అతనిదీ కూలి బతుకే. పది మంది ఎక్కువ ఎక్కితే నాలుగు రూపాయలు మిగులుతాయని ఆశ. కానీ మునిగితే అతని బతుకూ మునుగుతుంది.

ఎక్కే ముందు చూడండి, అడగండి

పడవ మీద ఎంతమంది ఎక్కొచ్చో రాసి ఉందా? చదవండి. రాయకపోతే అడగండి. ఎక్కినవాళ్లను మీరే లెక్కపెట్టండి. చంకలో బిడ్డను కూడా లెక్కలో కలపండి.

పడవకు అనుమతి పత్రం ఉందా? దాని మీద తేదీ చూడండి. గడువు దాటిందేమో చూడండి.

అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? మూలన కట్టగా పడేసి ఉంటే లాభం లేదు. పడవ కదలకముందే తొడుక్కోవాల. పట్టీలన్నీ బిగించి కట్టుకోవాల. కొంగు నడుముకు చుట్టి దోపి, జాకెట్టు దాని మీద వేసుకోవాల. జాకెట్టు మీద కొంగు కప్పొద్దు. ఉక్కగా ఉందని నడుమ తీసెయ్యొద్దు. బిడ్డలకు బిడ్డల కొలత జాకెట్టే ఉండాల. పెద్దది వేస్తే నీళ్లలో జారిపోతుంది. చిన్నది లేకుంటే ఆ పడవ మనకొద్దు.

సరంగు తాగి ఉన్నాడా? గాలి, మబ్బు ఉందా? వరద వస్తోందా? పొద్దుగుంకిందా? వీటిలో ఏది ఉన్నా ఎక్కొద్దు.

ఎవరెవరు ఎక్కుతున్నారో పేర్లు ఒక కాగితం మీద రాసి గట్టు మీద ఉన్నవాళ్లకు ఇవ్వండి. కచ్చులూరులో పడవలో ఎందరున్నారో మొదట ఒక లెక్క చెప్పినారు, తర్వాత ఇంకో లెక్క చెప్పినారు. మీ చేతిరాతతో రాసిన కాగితం ఒక్కటి ఉంటే వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది.

ప్రమాదం జరిగితే

పడవ బోర్లా పడినా చాలాసార్లు తేలుతూ ఉంటుంది. దాన్నే పట్టుకుని ఉండండి. ఒడ్డు దగ్గరగా కనపడుతోందని ఈదబోవద్దు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోతారు. తాడు వేయండి. చీర వేయండి. కట్టె అందించండి. మూత బిగించిన ఖాళీ క్యాను విసరండి. 112కు ఫోను చేయండి.

బయటికి తీసిన మనిషిని తలకిందులు చేసి తిప్పొద్దు. పొట్ట నొక్కొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూడండి. ఆడకపోతే నోటితో ఊపిరి ఊదాల, ఎద నడుమ గట్టిగా నొక్కుతూ ఉండాల. 108 వచ్చేదాకా ఆపొద్దు. ఈ పని చేసి చూపించమని మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను అడగండి. ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

మళ్లీ ఆ రేవుకు పోదాం

ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టి ఆ అక్క నిలబడి ఉంది. అందరూ నవ్వుతున్నారు. ఆమె ఏం చేయాల?

ఆ కాలు వెనక్కి తీసుకోవాల. తన బిడ్డను దించుకోవాల. "మేము తర్వాత పడవకు వస్తాం. మీరు ఇరవై మందినే తీసుకపోండి" అనాల. ఆమె దిగితే ఇంకొకామె దిగుతుంది. కసిరిన ఆమె కూడా సణుక్కుంటూ దిగుతుంది. పదహైదు మంది దిగితే పడవ మనిషి వింటాడు. టికెట్లు కొనేవాళ్లే లేకుంటే పడవ ఎట్లా నిండుతుంది?

నవ్వినవాళ్లు సాయంత్రానికి మరిచిపోతారు. గంట ఆలస్యమైతే పోయేదేమీ లేదు. ఇంటికి పోయి అదే సంగటి ముద్ద తింటారు, అదే చాప మీద బిడ్డను పక్కలో వేసుకుని పడుకుంటారు.

రాత్రి దీపం కింద కూర్చుని అక్షరాలు దిద్దింది ఎందుకు? సంతకానికే కాదు. "20 మంది" అని రాసి ఉంటే చదవడానికి. చదివింది గట్టిగా చెప్పడానికి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి దగ్గర చెరువులో, జలాశయంలో పడవలు, పుట్టిలు తిరుగుతున్నాయా? వాటికి పత్రాలు ఉన్నాయా?

2. వాటి మీద ఎంతమంది ఎక్కొచ్చో రాసి ఉందా? లేకుంటే ఎవరిని అడగాల?

3. గ్రామసభలో ఈ మాట ఎత్తడానికి మీ సంఘం ఒక అర్జీ రాయగలదా? ఈ వారమే రాసి చూడండి.