పెరటి చేపలగుంట: నీటి జమాఖర్చు, పాచి, నత్తలు



తుంగభద్రకు దక్షిణమున నున్న మన నందవరము ప్రాంతమునకు చేపల పెంపకము క్రొత్త సంగతి కాదు. నదివెంట దిగువకు పోయిన సుంకేశులయొద్ద ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే మదరాసు మత్స్యశాఖవారు చేపలక్షేత్రము నడిపిరి. ఆ కాలమున చేపపిల్లలను నదులలో పట్టి తెచ్చుకొనవలసియుండెను. 1957 జూలైలో ఒడిశాయందు హీరాలాల్ చౌధురిగారు తల్లిచేపలకు సూదిమందునిచ్చి గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైన పిమ్మట పిల్లలు కొనుక్కొనుట సులభమైనది. నేడు పెరటిగుంటలో నలుబది పిల్లలను వదలుకొనుట సామాన్య గృహస్థునకును సాధ్యమే.

అయితే గుంట త్రవ్వినవారు తఱచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు: "నీరు పచ్చబడినది, నత్తలు పెరిగినవి, మట్టము తగ్గిపోవుచున్నది, దీనికి మందేమి?" మందు వేయుటకు ముందు గుంటయొక్క జమాఖర్చు చూడుడని నా మనవి. పాచియు నత్తలును రోగములు కావు. గుంటలోనికి మితిమీరి వచ్చిన యెరువునకు గుర్తులు. గుర్తును చెరిపివేసినంత మాత్రమున లెక్క సరిపడదు.

మొదట నీటి లెక్క. ఏప్రిల్, మే మాసములలో మన యెండకును గాలికిని దినమునకు 7, 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరియగుట సామాన్యము. అనగా నెలకు ముప్పాతిక అడుగు. ఇంతకుమించి తగ్గినచో నీరు నేలలోనికి ఇంకుచున్నదని అనుమానింపవలెను. దీనిని తెలిసికొను విధమిది. ఒక బక్కెటును నీటితో నింపి, బరువుగ రాళ్లు వేసి, గట్టువార గుంటలోనే ముప్పాతిక మునుగునట్లు నిలుపుడు. బక్కెటులోని మట్టమునకును గుంట మట్టమునకును గుర్తులు పెట్టుడు. వానలేని మూడు దినముల పిమ్మట చూడుడు. బక్కెటులో తగ్గినది ఆవిరి. గుంటలో అంతకన్న ఎక్కువ తగ్గినచో ఆ యెక్కువ భాగము ఇంకుడు. నల్లరేగడి నేల ఎండిన నెఱ్ఱెలు విచ్చును. కావున క్రొత్తగ నీరు పెట్టునపుడు వరిమడిని దమ్ముచేసినట్లు అడుగును బాగుగ త్రొక్కింపవలెను.

ఆవిరియైన నీరు తనలోని ఉప్పును గుంటలోనే విడిచిపోవును. దాని స్థానమున బోరునీరు పోసిన కొలది ఉప్పు పెరుగును. కావున నీరు నింపుట మాత్రమే గాక, అప్పుడప్పుడు కొంత అడుగునీటిని తోడి వంగమడికో, కొబ్బరిచెట్టుకో పెట్టుడు. ఆ నీటిలో ఎరువు కలదు. చెట్టునకు లాభము, గుంటకు శుభ్రము.

ఇక పాచి. నీటిలో కలిసియుండు లేతపచ్చదనము చేపలకు ఆహారము. అది హద్దులో నున్నదో లేదో తెలిసికొనుటకు చేయి చాలును. మధ్యాహ్నమున అరచేతిని తిన్నగ నీటిలోనికి దింపుడు. జానెడు లోతునకు లోపలనే అరచేయి కనుమరుగైనచో పచ్చదనము మితిమీరినది. జానకును మూరకును నడుమ కనుమరుగైన నీరు తగియున్నది. మూరకు క్రిందను కనబడుచున్నచో ఆహారము చాలదు.

పచ్చదనము మితిమీరిన గుంటలో అపాయము రాత్రివేళ వచ్చును. పగలు ఎండలో పాచి ప్రాణవాయువును నీటికి జమకట్టును. రాత్రి పాచియు, చేపలును, అడుగు బురదయు దానినే ఖర్చు పెట్టును. తెల్లవారుజామునకు నిలువ అడుగంటును. అపుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. మబ్బుపట్టిన దినముల పిమ్మట ఈ భయ మెక్కువ. అట్టి వేళ మేత మానివేసి, మోటారునీటిని ఎత్తునుండి చిల్లుల రేకుపై పడునట్లు వదలుడు. బోరునీటిలో ప్రాణవాయువు స్వల్పము గనుక తిన్నగ గొట్టముతో అడుగునకు వదలిన ప్రయోజనము లేదు.

ఒకే దినమున పాచినంతయు చంపదలచి మైలుతుత్తము చల్లుట మిక్కిలి ప్రమాదకరము. చచ్చిన పాచి క్రుళ్లుచు మిగిలిన ప్రాణవాయువును హరించును. మోతాదు మించినచో ఆ మందే చేపలకు విషమగును. తీగపాచిని కఱ్ఱకు చుట్టి దినమునకు కొంచెముగ తీసివేయుడు. సున్నమును గూర్చియు జాగ్రత్త వహింపుడు. మన రేగడి నేలల నీరు స్వభావముచేతనే క్షారము గలది. పచ్చని గుంటలో మధ్యాహ్నమునకు క్షారము మఱింత పెరుగును. నీటి పరీక్ష చేయింపక సున్నము వేయరాదు.

ఎరువు వచ్చు త్రోవలను మూయుడు. పశువులకొట్టపు మురుగును, సబ్బునీరును గుంటలోనికి రాకుండ చిన్నగట్టు వేయుడు. వేసిన మేత అరగంటలో తినని యెడల మరునాడు తగ్గింపుడు. పత్తికిని మిరపకును మందుకొట్టిన డబ్బాలను గుంటలో ఎన్నడును కడుగరాదు.

నత్తలు కొన్ని యున్నను హాని లేదు; అవి పాచిని, క్రుళ్లిన ఆకులను తినును. మితిమీరినచో సాయంకాలమున కొబ్బరిమట్టలను నీటిలో వేసి, ఉదయమున వానికి పట్టుకొన్న నత్తలతో సహా పైకి లాగుడు. ఆకుల క్రింద జిగటగ నుండు గ్రుడ్లను గీకివేయుడు. కొన్ని నత్తలు గొఱ్ఱెలకును మేకలకును కార్జపు జలగ వ్యాధిని చేర్చును. కావున మందను గుంటవార మేపవలదు. తీసిన నాచును పశువులకు వేయక ఎరువుకుప్పలో పాతుడు.

నత్తలను మూలముట్టుగ తగ్గింపదలచినచో చేపలు పట్టిన పిమ్మట, వేసవిలో నీరు తగ్గినపుడు ఇప్పపిండి వేయుడు. ఘనమీటరు నీటికి 250 గ్రాములు కొలత. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల గుంటలో అరమీటరు నీరున్నచో 40 ఘనమీటర్లు. 10 కిలోలు చాలును. ఇది చేపలను గూడ చంపును గనుక మూడు వారములు గడువనిచ్చి, నీరు నింపి, మొదట నాలుగైదు పిల్లలను వలసంచిలో నొకదినముంచి చూడుడు. అవి బ్రతికినచో ఆ గుంటకు నలుబది పిల్లలను వదలుడు: పైనీటి బొచ్చెలు 16, నడిమినీటి శీలావతులు 12, అడుగునీటి ఎఱ్ఱమోసులు 12. వేసవిలో సైతము ఒకటిన్నర మీటరు లోతు నిలుచునట్లు చూచుకొనుడు.

గోడకు ఒక కాగితము తగిలించి, వారమున కొకమారు నీటిమట్టము, అరచేయి కనుమరుగైన లోతు, వేసిన మేత వ్రాసికొనుడు. నీటిమార్పు ఆ కాగితముపై ముందు కనబడినచో, తెల్లవారి చచ్చి తేలిన చేపలను చూడవలసిన దుఃఖము మీకు కలుగదు.