వృథాగా తిరుగు యంత్రము

ఏలూరు చేరువనున్న పెదవేగి ఒకప్పటి వేంగీ రాజధాని. నేడు ఆయిల్‌పామ్ తోటలకు పేరొందిన మెట్టప్రాంతము. బోరుబావి మోటారు హోరు అచ్చటి రైతులకు నిత్యపరిచితము. మోటారు తిరుగుచునే యుండును. ఒక్కొక్కప్పుడు గొట్టమున నీరు మాత్రము రాదు. అనుభవజ్ఞుడగు రైతు ఆ హోరు విని తృప్తిచెందడు, గొట్టపు కొనను చూచును. యంత్రమెంత తిరుగుచున్నదని కాక, ఎంత పని చేయుచున్నదని విచారించుటయే వివేకము. కంప్యూటరు విషయమునను ఇదియే తగిన ప్రశ్న.

పరీక్షాఫలితములో, బ్యాంకు ఖాతాయో మనము సెల్‌ఫోనులో చూచునపుడు ఎచ్చటనో ఒక సర్వరు మనకు బదులు చెప్పుచుండును. ఇట్టి సర్వర్లలో పెక్కింటిని నడపు ప్రోగ్రాములు 1995లో వెలువడిన జావా భాషలో వ్రాయబడినవి. ఒక్కొక్క ప్రోగ్రాములో పదులు, వందలుగా థ్రెడ్లుండును. వీనిని పనివాండ్రని భావింపవచ్చును. పనిలేనపుడు వీరు నిద్రింపవలెను. అట్లుగాక ఒకడు మేల్కొని ఊరక గిరగిర తిరిగినచో ఒక ప్రోసెసరు శక్తియంతయు వానికే చెల్లును. అట్టివారు పలువురైనచో సర్వరు మనకు బదులీయజాలదు.

ఫలితములు వెలువడిన దినమున లక్షలమంది ఒక్కుమ్మడి నడుగగా ప్రోసెసరు నూటికి నూరుపాళ్లు పనిచేసినచో అది రోగము కాదు. అడుగువారు లేని అర్ధరాత్రి అట్లు పరుగెత్తినచో రోగమే.

అట్టి సమయమున పలువురు తొందరపడి ప్రోగ్రామును ఆపి, మరల నడుపుదురు. ఇది దొంగ అడుగుజాడలు పరిశీలింపక ముందే వాకిలి కడిగివేయుట వంటిది. బాధ తాత్కాలికముగ తగ్గవచ్చును గాని, కారణము తెలియదు.

నిదానముగ చేయవలసిన పరీక్ష యిది. లినక్సు యంత్రములో ‘టాప్’ అను ఆజ్ఞ యే ప్రోగ్రాము ఎంత శక్తిని వాడుచున్నదో చూపును. దానికి ‘హెచ్’ అను గుర్తు చేర్చినచో ఒక్కొక్క థ్రెడ్డు లెక్క వేరువేరుగ, దాని సంఖ్యతో కూడ, కానవచ్చును. పిమ్మట ‘జె-స్టాక్’ అను సాధనము జావా థ్రెడ్లన్నియు ఆ క్షణమున ఏ పనిలోనున్నవో జాబితా వ్రాసి యిచ్చును. అనేక జావా కూర్పులలో ఈ జాబితా సంఖ్యలను పదునారింటి లెక్కలో వ్రాయును. కావున ‘టాప్’ చూపిన 7215ను జాబితాలో ‘1సి2ఎఫ్’గా వెదకవలెను. కొన్ని సెకనుల యెడముతో మూడు జాబితాలు తీయుట మేలు. మూడింటను ఆ థ్రెడ్డు ఒకేచోట కనబడినచో, విచారణ అచ్చటనే ఆరంభింపవలెను. అది జ్ఞాపకశక్తిలోని చెత్తను ఊడ్చు థ్రెడ్డైనచో, చోటు చాలక పదేపదే ఊడ్చుచున్నదేమోయని చూడవలెను.

ఒక్కొక్కప్పుడు తప్పు ఆ ప్రోగ్రామునందే యుండదు. సెకనులు లెక్కించి నడచుకొను మా ఆకాశవాణివారికి ఆసక్తికరమైన ఉదాహరణ 2012లో జరిగినది. భూభ్రమణము అణుగడియారములతో సరిగా కలియదు. అందుచే 1972 నుండి అప్పుడప్పుడు ప్రపంచకాలమునకు ఒక అధిక సెకను చేర్చుచు వచ్చిరి. 2012 జూన్ 30 అర్ధరాత్రి అట్టిదొకటి చేరెను. మనకది జూలై 1, ఆదివారము, ఉదయము అయిదున్నర. ఏలూరులో ఇంకను సూర్యోదయము కాలేదు.

లినక్సు యంత్రములు పెక్కింటిలో ప్రధాన గడియారము ఆ సెకనును లెక్కకు తీసికొనెను. థ్రెడ్లను నిద్రలేపు లోపలి గడియారమునకు మాత్రము ఆ వార్త అందక, అది ఒక సెకను ముందుండిపోయెను. అర సెకను నిద్రింపగోరిన థ్రెడ్డును, గడువు మీరినదని తక్షణమే లేపెను. అది మరల పరుండెను, మరల లేపబడెను. ప్రపంచమున పలుచోట్ల జావా సర్వర్లు ఈ విధముగ ఊరక పరుగులు తీసెను. రెడ్డిట్, మొజిల్లా సంస్థల సేవలకు సైతము చిక్కులు కలిగెను.

గమనింపదగిన సంగతి యేమనగా, జావా ప్రోగ్రామును ఎన్నిమార్లు ఆపి నడిపినను ఫలితము లేకపోయెను. దోషము దాని క్రిందనున్న లినక్సులో నిలిచియుండెను. యంత్రమునకు అప్పటి కాలమునే మరల ఒకసారి తెలిపిన మాత్రమున రెండు గడియారములును ఏకమై పరుగు శాంతించెను. చికిత్స ఒక్క పంక్తి ఆజ్ఞ. నిదానము తెలియనివారికి అది తట్టలేదు.

2016 డిసెంబరు 31న చేర్చినది ఇరువది యేడవ అధిక సెకను. ఈ పద్ధతిని 2035 నాటికి మార్పవలెనని 2022లో అంతర్జాతీయ కొలమానముల మహాసభ తీర్మానించినది. అయినను యంత్రములు ఊరక పరుగెత్తుటకు కారణములు కొదువ కావు. ఆపుటకు ముందు మూడుమార్లు పరికించి, చూచినదానిని వ్రాసి యుంచుకొనుట అయిదు నిముషముల పని. రేపటి రాత్రి అదే యంత్రము మరల మొరాయించినపుడు చేతనుండునది ఆ కాగితమే.