నల్లచుక్క పతాకము: ఘానాదేశము చెప్పు పాఠము



జాతీయ పతాకమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సభవారు మమ్ము కోరినప్పుడు, మేము మన పతాకమును గాక పశ్చిమాఫ్రికాలోని ఘానాదేశపు పతాకమును ఎంచుకొంటిమి. ఇందుకు కారణము లేకపోలేదు. మన జెండాను మనము చిన్ననాటి నుండి చూచుచున్నాము. చూచి చూచి, దాని అర్థమేమని ప్రశ్నించుటయే మానివేసితిమి. పరుల జెండాను చూచినప్పుడు ప్రశ్నలు తమంత తామే పుట్టును. ఈ రంగు ఎందులకు? ఈ గురుతు ఎక్కడిది? దీనిని మార్చు అధికారము ఎవరికి గలదు? ఈ మూడవ ప్రశ్నయే అన్నింటిలో ముఖ్యమైనది. ఘానాదేశము దీనికి రెండు సమాధానములను చూచినది. వానిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. ఆ కథయే నేటి మా ప్రసంగము.

ముందుగా ఆ పతాకమును కన్నులయెదుట నిలుపుకొందము. దానియందు మూడు అడ్డపట్టెలు గలవు. పైది ఎరుపు, నడిమిది బంగారు పసుపు, క్రిందిది ఆకుపచ్చ. పసుపు పట్టె నట్టనడుమ అయిదు కోణములుగల నల్లని నక్షత్రము వెలయుచున్నది. చూచుటకు ఇంతే. కాని ఈ నాలుగు వన్నెలలో ఒక జాతియొక్క దుఃఖమును, సంపదయు, ఆశయు ఇమిడియున్నవి.

1957 వరకు ఆ దేశమునకు ఘానా యను పేరు లేదు. 1482 లో పోర్చుగీసువారు ఎల్మినావద్ద కోట కట్టిరి. అచ్చట దొరకు బంగారమును చూచి ఆ తీరమునకు బంగారుతీరమని పేరిడిరి. తరువాత డచ్చివారును, డేనులును, ఆంగ్లేయులును వచ్చిరి. మొదట బంగారమును కొనిపోయిరి. పిమ్మట మనుష్యులనే సంకెలలు వేసి ఓడలకెక్కించి అట్లాంటికు సముద్రముమీదుగా తీసికొనిపోయిరి. 1874 లో బ్రిటిషువారు ఆ తీరమును తమ వలసరాజ్యముగా ప్రకటించుకొనిరి. ఆనాటి వలసజెండా నీలిరంగుది. దాని మూలయందు బ్రిటిషు జెండాయు, ప్రక్కన గుండ్రని ముద్రలో తాటిజాతి చెట్టుయెదుట నిలిచిన ఏనుగును, క్రింద ఆంగ్లములో ఆ దేశపు పేరు పొడి అక్షరములును ఉండెడివి. ఆ జెండాలో ఏనుగు గలదు, చెట్టు గలదు. ఆ నేలపై పుట్టిన మనుజుని కోరిక మాత్రము లేదు. పరులు మనకు ఇచ్చు గురుతులు ఇట్లే ఉండును.

ఇక ఎరుపును గూర్చి చెప్పెదము. రెండవ ప్రపంచయుద్ధమున పశ్చిమాఫ్రికా సైనికులు వేలకొలదిగా భారతదేశము మీదుగా బర్మాకు పంపబడిరి. అరకాను కొండలలోను, కలదాను లోయలోను వారు జపానుసేనలతో పోరాడిరి. యుద్ధము ముగిసెను. ఇంటికి తిరిగి వచ్చిన వారికి చెప్పిన పింఛనులు లేవు, చేయుటకు పనులు లేవు, వస్తువుల ధరలు మాత్రము ఆకాశమునంటియుండెను. 1948 ఫిబ్రవరి 28 వ తేదీన మాజీసైనికులు కొందరు ఆయుధములు లేక, చేత విన్నపపత్రముతో, గవర్నరు నివసించు క్రిస్టియన్స్‌బర్గు కోటవైపు నడిచిరి. నాలుగుదారుల కూడలివద్ద పోలీసులు వారిని అడ్డగించి కాల్పులు జరిపిరి. సార్జెంటు అడ్జెటే, కార్పొరలు అట్టిపో, ప్రైవేటు ఓడార్టే లాంప్టే అను ముగ్గురు అచ్చటనే నేలకొరిగిరి. శత్రువుల తుపాకులకు తప్పించుకొని వచ్చినవారిని, ఏ రాజ్యముకొరకు పోరాడిరో ఆ రాజ్యపు తుపాకియే బలిగొనెను. నాటి సాయంకాలమునకే అక్రానగరము అట్టుడికిపోయెను. ఘానా పతాకమునందలి ఎరుపు స్వాతంత్ర్యముకొరకు ప్రాణములొడ్డినవారి నెత్తురని చెప్పునప్పుడు, ఆ దేశస్థులకు మొట్టమొదట ఈ ముగ్గురే జ్ఞప్తికి వత్తురు.

ఆ కాల్పులతో దేశము మేల్కొన్నది. అంతకు ముందటి సంవత్సరమే విద్యావంతులు కొందరు ఒక రాజకీయ సంఘమును స్థాపించియుండిరి. 1949 లో క్వామే ఎన్‌క్రుమా దానినుండి విడివడి ప్రజాసమావేశ పక్షమను పేర క్రొత్త కక్షిని నెలకొల్పెను. 1950 జనవరిలో ఆయన సమ్మెలతోను, సహాయనిరాకరణముతోను కూడిన ఉద్యమమును ప్రారంభించెను. గాంధీమహాత్ముని మార్గము తనకు ఆదర్శమని ఆయన దాచలేదు. ప్రభుత్వమువారు ఆయనను చెరసాలలో వేసిరి. 1951 ఎన్నికలలో ఆయన చెరసాలనుండియే గెలిచి, నేరుగా మంత్రిపదవికి నడిచివచ్చెను. 1957 మార్చి 6 వ తేదీన, అర్ధరాత్రివేళ, అక్రాలోని పాత పోలో మైదానమున బ్రిటిషు జెండా దిగి క్రొత్త జెండా ఎగిరెను. ఆ తేదీని కూడ గమనింపుడు. 1844 మార్చి 6 వ తేదీననే ఫాంటీ నాయకులు బ్రిటిషు న్యాయాధికారమును అంగీకరించుచు ఒడంబడికపై గురుతులు పెట్టియుండిరి. ఏ దినమున మెడకు త్రాడు పడెనో ఆ దినముననే, నూటపదుమూడేండ్లకు, త్రాడు తెగెను.

ఆ రాత్రి ఎగిరిన జెండాను గీసినది ఒక స్త్రీ. ఆమె పేరు థియోడోషియా ఓకో. 1922 లో జన్మించిన ఈమె ఉపాధ్యాయిని, చిత్రకారిణి. ప్రభుత్వమువారు క్రొత్త జెండాకు నమూనాలు కోరగా ఈమె తన నమూనాను పంపెను, అదియే ఎన్నికయ్యెను. మంత్రులు గాని, సేనానులు గాని ఈ వన్నెలను కూర్చలేదు. 2015 లో, తొంబది రెండేండ్ల వయసున, ఆమె దివంగతురాలయ్యెను.

ఆమె తన రంగులను దేశపు నేలనుండియే తీసికొనెను. బంగారు పసుపు భూగర్భమందలి ఖనిజసంపదకు గురుతు. ఆకుపచ్చ అడవులకును పంటలకును గురుతు. 1879 లో టెట్టె క్వార్షీ అను కమ్మరి ఫెర్నాండో పో దీవినుండి కోకోగింజలను తెచ్చి నాటెను. ముప్పది రెండేండ్లు తిరుగకముందే ఆ దేశము ప్రపంచమున కోకోపంటకు అగ్రస్థానము నందెను. దొరల తోటలలో కూలిచేసి గాక, చిన్నరైతులు తమ సొంతచేలలో పండించి సాధించిన విజయమిది. ఆకుపచ్చ పట్టెలో ఆ రైతుల చెమటయు గలదు.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చలకు మరియొక పూర్వచరిత్ర గలదు. ఇవి ఇతియోపియా రంగులు. 1896 లో ఆడువావద్ద ఇటలీసేనలను ఓడించి తన స్వాతంత్ర్యమును నిలుపుకొన్న దేశమది. ఖండమంతయు పరుల పాలైనప్పుడు తలయెత్తి నిలిచిన దేశపు రంగులు గనుక, అవి ఆఫ్రికావాసులకు పూజ్యములైనవి. ఇతియోపియా తరువాత వానిని మొదట ధరించిన స్వతంత్రదేశము ఘానా. పిమ్మట గినీ, మాలి, సెనెగలు మొదలగు దేశములు అదే త్రోవ త్రొక్కెను.

నల్లచుక్క ఎక్కడిది? దీనికై సముద్రము దాటవలెను. జమైకాదీవిలో పుట్టిన మార్కస్ గార్వీ 1919 లో అమెరికాలో నల్లచుక్క ఓడల కంపెనీని స్థాపించెను. వాటా ఒకటికి అయిదు డాలర్లు. వంటమనుషులును, చాకలివారును, రేవుకూలీలును తమ కూడబెట్టిన సొమ్మునిచ్చి వాటాలు కొనిరి. ఒకనాడు తమ పూర్వులను సంకెలలతో తెచ్చినవి తెల్లవారి ఓడలు; ఇప్పుడు తమ ఓడలు తమకు గలవు. ఇదియే వారి ఆశ. కొన్న ఓడలు పాతవి, నిర్వాహము చెడ్డది. 1922 కే ఆ వ్యాపారము మునిగిపోయెను. గార్వీ చెరసాల పాలయ్యెను, దేశమునుండి వెడలగొట్టబడెను. ఆఫ్రికాగడ్డపై ఒక్కమారైనను అడుగిడకయే 1940 లో లండనులో మరణించెను. కాని ఆయన వ్రాతలను అమెరికాలో చదువుకొనుచుండిన ఎన్‌క్రుమా చదివెను. మునిగిన ఓడల చుక్క ఒక దేశపు జెండాపై తేలెను. ఓటమిలో పుట్టిన గురుతు కూడ జాతికి దారి చూపగలదని దీనివలన తెలియుచున్నది.

ఆ చుక్క ఘానాకు మాత్రమే గాక ఆఫ్రికా విమోచనమునకే గురుతు. 1958 లో ఘానా, గినీలు ఏకమై కూటమిగా ఏర్పడి ఒకే జెండాపై రెండు చుక్కలు నిలిపెను. మాలి చేరగా 1961 లో చుక్కలు మూడయ్యెను. ఆ కూటమి రెండేండ్లలో చెదరిపోయెను. చుక్కలు కూర్చుట సులభము, మనసులు కూర్చుట కష్టము.

ఇప్పుడు మా మూడవ ప్రశ్నకు వత్తుము. 1958 లోనే ఎన్‌క్రుమా ప్రభుత్వము విచారణలేక అయిదేండ్లవరకు నిర్బంధించు శాసనమును చేసియుండెను. 1964 జనవరిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, నూటికి 99 కి మించి అనుకూలమని ప్రకటించి, దేశమును ఏకపక్షరాజ్యముగా మార్చిరి. ఆ సంవత్సరమే జెండాయు మారెను. నడిమి పసుపు పోయి తెలుపు వచ్చెను. ఎందులకు? పాలకపక్షపు జెండా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చలు గనుక. ఒక కక్షి తన రంగును దేశముపై పులిమెను. దేశమే పక్షము, పక్షమే దేశమను మాటను గుడ్డపై వ్రాసి ఎగురవేసెను. ఆ కాలముననే, 1965 ఫిబ్రవరిలో, జె. బి. డాంక్వా అను ప్రతిపక్షనాయకుడు న్సావాము చెరసాలలో విచారణ లేకయే కన్నుమూసెను. ఆయన ఎవరు? ఘానా యను ప్రాచీన సామ్రాజ్యపు పేరును ఈ దేశమునకు పెట్టవలెనని పోరాడినవాడు. దేశమునకు పేరిచ్చినవానికి ఆ దేశమున స్వేచ్ఛ లేకపోయెను. ఆ దినములలో జెండాపై బంగారమును లేకపోయెను.

1966 ఫిబ్రవరి 24 వ తేదీన, ఎన్‌క్రుమా చైనాదేశమునకు వెళ్లియున్న సమయమున, సైన్యమును పోలీసులును కూడి ఆయనను పదవినుండి తొలగించిరి. ఓకోగారి పసుపు పట్టె తిరిగి వచ్చెను. సోదరులారా, దీనిని చూచి తుపాకిని పొగడవలదు. జెండాను తిరిగి తెచ్చిన చేతులు ఓటును తేలేదు. ఆ తరువాత ఆ దేశము 1972, 1979, 1981 సంవత్సరములలో మరల మరల సైనికుల తిరుగుబాట్లకు లోనయ్యెను. ఎన్‌క్రుమాను నిందించి ఊరకుండుటయు న్యాయము గాదు. ఆయన లేక ఆ జెండా ఆ రాత్రి ఎగురదు. కాని ఒక విషయము చూడుడు. ఎన్‌క్రుమాను మెచ్చినవారును, ద్వేషించినవారును, సైనికులును, 1992 రాజ్యాంగముక్రింద ఎన్నికైనవారును ఆ దేశమును ఏలిరి. 1966 తరువాత వారిలో ఒక్కరైనను ఆ జెండాను ముట్టలేదు. ఇదియే ఒప్పైన సమాధానము. విమోచకుడైనను జెండాకు యజమాని గాడు, కావలివాడు మాత్రమే.

ఆంధ్రులకు ఈ మాట క్రొత్త గాదు. 1921 లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు మహాత్మునికి జెండా నమూనాను చూపిరి. ఆ పరంపరలో వచ్చిన చరఖాజెండాక్రింద లక్షలమంది చెరసాలలకు నడిచిరి. అయినను 1947 జూలై 22 వ తేదీన రాజ్యాంగసభ జాతీయపతాకమును నిర్ణయించునప్పుడు, కాంగ్రెసుజెండాను యథాతథముగా గైకొనక, చరఖాకు బదులు అశోకచక్రమును నిలిపెను. పోరాటము నడిపిన పక్షము కూడ తన జెండాకును దేశపు జెండాకును నడుమ ఒక గీత ఉండవలెనని అంగీకరించెను. ఘానా 1964 లో చెరిపినది ఆ గీతనే.

ఒక్కమాట చెప్పి ముగింతుము. నేడు ఆ దేశమున పసుపు పట్టెకును ఆకుపచ్చ పట్టెకును కలహము సాగుచున్నది. అనుమతిలేని బంగారుత్రవ్వకములవలన ప్రా, ఆఫిన్ మొదలగు నదులు బురదయై పారుచున్నవి, కోకోతోటలు గోతులగుచున్నవి. జెండాపై ప్రక్కప్రక్కన నిలిచిన రంగులు నేలపై ఒకదానినొకటి మ్రింగుచున్నవి. జెండా పొగడ్త గాదు, బాకీపత్రము. ముగ్గురు సైనికుల నెత్తురు అందులో అసలు. అది ఎవరికి చెల్లుచున్నదని అడుగు హక్కు ప్రతి పౌరునికి గలదు. ఆ హక్కును అడుగనిచ్చు దేశముననే జెండా స్వతంత్రముగా ఎగురుచున్నదని మేము నమ్ముచున్నాము. రేపు మన జెండాకు వందనము చేయునప్పుడు, మనము చెల్లింపవలసినది ఎంత మిగిలియున్నదో ఒక్కక్షణము లెక్క చూచుకొందము.