ముందు నీళ్ళకు దారి, తర్వాతే గోడకు రంగు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)

పొదుపుల లెక్క, బ్యాంకు అప్పుల లెక్క కోశాధికారి అక్క చదివి వినిపించింది. మేము చెప్పేది వాకిలి, పెరడు, గోడ సంగతి. చిన్న ముచ్చటే అనుకోవద్దు. దాని వల్లనే మా సంఘం విరిగేదాకా వచ్చింది.

మా సంఘంలో పక్కపక్క ఇండ్ల అక్కలు ఇద్దరున్నారు. ఒకరింట్లో బోళ్ళు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు ఇంకొకరి వాకిట్లోకి పారేవి. పొద్దున్నే సాన్పి చల్లి ముగ్గు వేస్తే, తొమ్మిది గంటలకల్లా ముగ్గు మీద బురద. మాటా మాటా పెరిగింది. "ఆమె వస్తే నేను మీటింగుకు రాను" అని ఒక అక్క మూడు వారాలు రాలేదు. పొదుపు ఆగింది, కిస్తీ కూడా ఆగింది. అందరం పోయి బతిమాలితే ఆమె ఒక్కటే అడిగింది. "సంఘం సంఘం అంటరు గదా, నా వాకిట్ల బురద సంఘానికి కనబడదా?" మా దగ్గర జవాబు లేదు.

నిజం చెప్పాలంటే అప్పటికి మేము చేసిన పని వేరే. పండుగకు ఇండ్లు మంచిగ కనబడాలని కొందరం సంఘంలో అప్పు తీసుకొని గోడలకు డబ్బా రంగులు వేయించాం. గోడ మొదట్లో తడి ఉన్నది ఎవరం చూసుకోలేదు. వానాకాలం పోయేసరికి మోకాలెత్తు దాకా రంగు పొక్కులు లేచి రాలిపోయింది. రంగు పోయింది, కిస్తీ మిగిలింది.

అప్పుడు కూర్చొని తీర్మానం రాసుకున్నాం. ముందు నీళ్ళకు దారి చూపాలి, తర్వాత గోడ, ఆ తర్వాతే మొక్కలు. కూలి పెట్టకుండా మనమే చేసుకోవాలి. ఆదివారం ఆదివారం ఒక ఇంటి దగ్గర అందరం కూడాలి. మొదటి ఇల్లు, నీళ్ళు పారే ఆ అక్కదే.

నాలుగడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఇంకుడు గుంత తవ్వాం. ఇంటి గోడకు ఎడంగా, మంచినీళ్ళ బోరుకు ఇంకా చాలా దూరంగా చూసుకున్నాం. అడుగున పెద్ద రాళ్ళు, మధ్యలో చిన్న రాళ్ళు, పైన కంకర. నీళ్ళు పడే చోట అడుగున బొక్కలు కొట్టిన పాత కుండ పెట్టి, దాంట్లో కొబ్బరి పీచు నింపాం. జిడ్డు, మెతుకులు అందులోనే ఆగుతాయి. ఆ పీచు పదిహేను రోజులకోసారి తీసి కడగకపోతే గుంత మూసుకుపోతుంది. మరుగుదొడ్డి నీళ్ళు మాత్రం ఇందులోకి వదలొద్దు. నల్లరేగడి నేలల్లో నీళ్ళు తొందరగా ఇంకవు. ఆ ఊళ్ళ అక్కలు అరటి పాదుకో, చేమ మడికో మళ్ళించుకుంటే మేలు.

గుంత సగం అయినాక, అలిగిన అక్క వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. తట్ట పట్టుకొని మట్టి ఎత్తింది. తర్వాతి మీటింగుకు తానే ముందు వచ్చి కూర్చుంది.

నీళ్ళు ఆగి, గోడ లోపలి తడి ఆరినాక, పాత రంగు గీకి ఈసారి సున్నం వేసుకున్నాం. రాళ్ళ సున్నంతో జాగ్రత్త. నీళ్ళలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఇనుప డ్రమ్ము కావాలి. ముందు నీళ్ళు పోసి, సున్నం కొంచెం కొంచెం వేయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్ళతో కడిగి దవాఖానకు పోవాలి. రాత్రంతా నానినాక గుడ్డతో వడగట్టి, కొంచెం నీలిమందు కలిపి, గోడ మీద నీళ్ళు చల్లి పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. మొదటి పూత నీళ్ళలాగ కనబడుతుంది. పరేషాన్ కావద్దు, ఆరినాకనే తెలుపు తేలుతుంది. గోడ కింద అంచుకు జాజు పట్టీ తీస్తే ఇంటికి కళ వస్తుంది.

ఇక పెరడు. కంది కట్టెతో దడి కట్టి బీర, కాకర పాకించాం. కరివేపాకు, మునగ పెట్టాం. సర్దుతుంటే పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన బకెట్లు ఎన్నో బయటపడ్డాయి. డెంగీ దోమ మోరీలో కాదు, ఇట్లాంటి వాటిల్లో నిలిచిన మంచినీళ్ళలో పెరుగుతుందని ఆశా అక్క చెప్పింది. అప్పటినుంచి గోలెం కూడా వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది ఆరబెడుతున్నాం.

మేము పదకొండు మందిమి. ఏడు ఇండ్లు అయినయి, నాలుగు మిగిలినయి. లీడరు ఇల్లు అన్నిటికంటే చివరికి పెట్టుకున్నాం.

ఇంటికి పోయినాక ప్రతి సంఘం ఒక మీటింగు ఊళ్ళో నడుస్తూ పెట్టండి. ఎవరి నీళ్ళు ఎవరి వాకిట్లోకి పోతున్నయో చూసి పుస్తకంలో రాసుకోండి. మన కిస్తీలే కాదు, మన నీళ్ళు కూడా మన లెక్కలోనివే.