చీలిన ఓట్లు, ఓటే లేని జనం: 2022 ఇటలీ ఎన్నికలు



2022 సెప్టెంబరు 25న ఇటలీలో జరిగిన పార్లమెంటు ఎన్నికలను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఆ ప్రస్తావన రాగానే జార్జియా మెలోని పేరు చెప్పి, ఐరోపా అంతా మితవాదం వైపు ఒరిగిందని నిట్టూర్చి ఊరుకోవడం చాలామందికి అలవాటు. అంకెలు మరో సంగతి చెబుతున్నాయి.

మెలోని, సాల్వినీ, బెర్లుస్కోనీల కూటమికి ప్రతినిధుల సభ ఎన్నికలో లభించినవి దాదాపు 44 శాతం ఓట్లు. అవి సగానికి తక్కువే. అయినా 400 స్థానాలలో 237 వారికి దక్కాయి. ఇది ఎట్లా సాధ్యమైంది? 2017 నాటి ఎన్నికల చట్టం ప్రకారం 245 స్థానాలు పార్టీల ఓట్ల నిష్పత్తిని బట్టి, 8 స్థానాలు విదేశాలలోని ఇటలీ పౌరుల ఓట్లతో భర్తీ అవుతాయి. మిగిలిన 147 నియోజకవర్గాలలో, మన లోక్‌సభ ఎన్నికలలో వలెనే, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే విజేత. ఆ 147లో 121 మితవాద కూటమి గెలుచుకొంది.

వారిలో కలహాలు లేవా? ఉన్నాయి. ద్రాఘీ ప్రభుత్వంలో సాల్వినీ, బెర్లుస్కోనీల పార్టీలు భాగస్వాములు కాగా, మెలోని ప్రతిపక్షంలో కూర్చున్నారు. అయినా ఎన్నికల వేళకు ప్రతి నియోజకవర్గంలోనూ ఒకే అభ్యర్థిని నిలిపారు; ఎక్కువ ఓట్లు తెచ్చుకొన్న పార్టీయే ప్రధానిని సూచించాలని ఒప్పుకొన్నారు.

ఎదుటి పక్షం మూడు ముక్కలైంది. ద్రాఘీ పతనానికి కారకుడంటూ కోంతే నాయకత్వంలోని ఫైవ్ స్టార్ ఉద్యమంతో డెమొక్రటిక్ పార్టీ తెగతెంపులు చేసుకొంది. ఆగస్టు 2న కలెండాతో పొత్తు కుదుర్చుకొంది. ఆగస్టు 7న, వామపక్షాలతో కలిసి ఉండలేనని కలెండా దానిని రద్దు చేశారు. ఐదు రోజుల పొత్తు! చివరకు ఈ మూడు శిబిరాలకు వచ్చినవి 26, 15, దాదాపు 8 శాతం. కలిపితే మెలోని కూటమిని మించుతాయి. వారు కలిసి ఉంటే ఈ ఓట్లన్నీ అట్లాగే పడేవని నేననను. రాజకీయం కూడికల లెక్క కాదు. కానీ విడిపోయిన ఫలితం మాత్రం కళ్లెదుట ఉన్నది. 2018లో 73 శాతంగా ఉన్న పోలింగు 64 శాతానికి పడిపోయింది.

ఇక ఇటలీ ముస్లింల సంగతి. ఆ దేశ రాజ్యాంగంలోని 8వ అధికరణం మత సమాజాలతో ప్రభుత్వం ఒడంబడిక చేసుకొనే వీలు కల్పిస్తున్నది. హిందువులకు, బౌద్ధులకు 2012లో అది చట్టరూపంలో లభించింది. ముస్లింలకు నేటికీ లేదు. ముస్లిం సంస్థలకు ఏకవాక్యత లేదన్నది తరచుగా వినిపించే కారణం. అందులో కొంత నిజముంది, కొంత సాకూ ఉంది. ప్రార్థనా స్థలాల నిర్మాణానికి అడ్డుపడిన లొంబార్డీ ప్రాంతీయ చట్ట నిబంధనలను రాజ్యాంగ న్యాయస్థానం 2016లోనూ, 2019లోనూ కొట్టివేసింది. న్యాయస్థానం తలుపు తెరిచే ఉంది, ఓటు పెట్టె దగ్గరకే చాలామంది చేరలేకపోతున్నారు.

ఎందుకంటే 1992 చట్టం ప్రకారం ఐరోపా సమాఖ్యకు వెలుపలి నుంచి వచ్చినవారు పౌరసత్వం కోరాలంటే పదేళ్లు అక్కడ నివసించాలి. వారికి అక్కడే పుట్టిన బిడ్డ, ఎడతెగక అక్కడే పెరిగి, 18 ఏళ్లు నిండాకనే దానిని కోరగలదు. ఆ ఎన్నికల నాటికి, అర్జెంటీనాలో పుట్టి ఇటలీ ముఖమే చూడని మునిమనుమడు వంశహక్కుతో పౌరుడై ఓటు వేయగలిగాడు.

పదేళ్లను ఐదేళ్లకు తగ్గించాలని 2025 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఓటు వేసినవారిలో దాదాపు 65 శాతం ఔనన్నారు. అయితే సగం మంది ఓటర్లు పాల్గొంటేనే అది చెల్లుతుంది. వచ్చినవారు 30 శాతమే. ప్రధాని మెలోని పోలింగు కేంద్రానికి వెళ్లారు, బ్యాలెట్ పత్రం తీసుకోకుండానే తిరిగి వచ్చారు.