బడి గుమ్మంలోనే మందు: తొలి పాఠశాల చికిత్సాలయాల చరిత్ర

తలలో పేలు, ఒంటిమీద గజ్జి, తామర, మూతి చుట్టూ చీముపొక్కులు, చెవిలో చీము, పిప్పిపళ్లు వైద్యుల లెక్కలో చిన్న జబ్బులే అయినా, పంతొమ్మిదో శతాబ్దం చివర న్యూయార్క్, లండన్ నగరాల పేదవాడల్లో ఎందరో పిల్లలను చదువుకు దూరం చేసినవి ఇవే. ప్రాణం తీసేవి కావు గనుక ఆసుపత్రులు వాటిని అంతగా పట్టించుకోలేదు. అంటుకునేవి గనుక బడులు ఆ పిల్లలను గుమ్మం దాటనివ్వలేదు.

న్యూయార్క్ ఆరోగ్యశాఖ 1897లో బడులకు వైద్య పరీక్షకులను నియమించింది. అంటువ్యాధి ఉన్న పిల్లలను గుర్తించి ఇంటికి పంపడంతో వారి పని ముగిసేది. ఆ తరువాత మందు ఎవరు వేస్తారన్నది ఎవరికీ పట్టలేదు. 1902లో పరీక్షలు కట్టుదిట్టమైనప్పుడు, ముఖ్యంగా కనురెప్పల లోపలి పొరపై గింజలు తేలి క్రమంగా చూపును దెబ్బతీసే ట్రకోమా కోసం వెతకడం మొదలైనప్పుడు, తరగతులు ఖాళీ కాసాగాయి. పగలు వెలివేసిన పిల్లలే సాయంత్రం తోటివారితో వీధుల్లో కలిసి ఆడుకునేవారు కాబట్టి ఈ వెలి అంటును ఆపలేకపోయింది; ఆగింది చదువు ఒక్కటే.

అదే నగరంలో హెన్రీ స్ట్రీట్ సేవాకేంద్రాన్ని నడిపిన లిలియన్ వాల్డ్ 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును ఒక నెలపాటు ప్రయోగంగా నాలుగు బడులకు పంపింది. ఆమె వాడిన మందులు అతి సాధారణమైనవి: పేలకు కిరోసిన్, నూనె కలిపిన పట్టు, గజ్జికి గంధకం లేపనం, కళ్లకు బోరిక్ నీళ్లు. అసలు విశేషం ఆమె పనితీరులో ఉంది. పిల్లవాడికి బడిలోనే మందు రాసి తరగతికి పంపేది. ఇంటి దగ్గర చేయవలసిన వైద్యమైతే తల్లి వద్దకే వెళ్లి, ఎలా చేయాలో చేసి చూపేది. 1902 సెప్టెంబరులో 10,567గా ఉన్న వెలివేతలు, నర్సుల సంఖ్య పెరిగిన తరువాత 1903 సెప్టెంబరుకు 1,101కి దిగాయి. ప్రజారోగ్య చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తొందరగా కనిపించిన ఫలితాలు అరుదు.

ఇంగ్లండులో 1907 నాటి చట్టం బడిపిల్లల వైద్యపరీక్షను తప్పనిసరి చేసినా, చికిత్సను స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేసింది. బ్రాడ్‌ఫర్డ్ పాఠశాల మండలిలో సభ్యురాలిగా పిల్లల దుస్థితిని కళ్లారా చూసిన మార్గరెట్ మెక్‌మిలన్ ఈ లోటును ఒప్పుకోలేదు. జబ్బు పేరు చీటీమీద రాసి పంపితే, పనికి పోకుంటే పూట గడవని తల్లి ఆసుపత్రి వరుసలో రోజంతా నిలబడగలదా అన్నదే ఆమె వాదానికి మూలం. అక్క రేచల్‌తో కలిసి 1908లో తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో ఒక చికిత్సాలయం తెరిచింది. 1910లో సబ్బుల వ్యాపారి జోసెఫ్ ఫెల్స్ ధనసహాయంతో అదే నగరంలోని డెట్‌ఫర్డ్‌లో నెలకొల్పినది చుట్టుపక్కల పలు బడులకు ఉపయోగపడింది.

అయితే అక్కడ నయమై వెళ్లిన పిల్లలే కొద్ది వారాల్లో అదే జబ్బుతో తిరిగివచ్చేవారు. ఇరుకు గదిలో, ఒకే పక్కమీద, స్నానానికి చాలినన్ని నీళ్లు లేక బతికే బిడ్డకు లేపనం ఎన్నిసార్లు రాసినా నిలవదని గ్రహించిన అక్కాచెల్లెళ్లు, 1911లో అదే పేటలో ఆడపిల్లలు ఆరుబయట పడుకుని, ఒళ్లు శుభ్రం చేసుకుని బడికి వెళ్లేందుకు రాత్రి శిబిరం ప్రారంభించారు. బడి ఈడు వచ్చేసరికే జబ్బు పాతుకుపోతోందన్న అనుభవం వారిని ఇంకా వెనక్కి, పసివయసు వైపు నడిపించగా, 1914లో డెట్‌ఫర్డ్‌లో ఆరుబయలు శిశుపాఠశాల వెలిసింది.