కర్రకు ఆయుష్షు పోసిన తెలుగాయన



శ్రీకూర్మం గుడిలో రాతి స్తంభాలున్నాయి. వాటి మీద వందల ఏళ్ళ నాటి అక్షరాలున్నాయి. అవి ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

మరి కర్ర సంగతి ఏమిటి? ఇంటి వాసం వానకు తడిసి తడిసి మెత్తబడిపోతుంది. దడికి పాతిన గుంజ అడుగున పుచ్చిపోతుంది. తలుపు చెక్కకు చెద పడుతుంది.

శ్రీకూర్మానికి సముద్రం దగ్గర. మత్స్యలేశం, బందరువానిపేట లాంటి ఊళ్ళలో జాలర్లు తరతరాలుగా వేటకు పోతున్నారు. వారి పాత తెప్పలన్నీ కర్రవే. నాలుగైదు దుంగలను తాళ్ళతో కట్టేవారు. అదే తెప్ప. తెప్ప పోతే వేట పోయినట్టే. వేట పోతే కుండలో కూడు ఉండదు. కాబట్టి కర్ర ఎన్నాళ్ళు మన్నుతుందన్నది చిన్న సంగతి కాదు.

కర్ర ఎందుకు పాడవుతుంది? పాడవకుండా ఆపగలమా? ఈ ప్రశ్న మీద వందేళ్ళకు పైగా పని చేస్తున్న సంస్థ ఒకటి మన దేశంలో ఉంది. దాని పేరు అటవీ పరిశోధన సంస్థ. అది దెహ్రాదూన్‌లో ఉంది. ఆ సంస్థలో ఒక తెలుగాయన గొప్ప పని చేశారు. ఈ పూట ఆ కథ తెలుసుకుందాం.

కర్రకు ముగ్గురు శత్రువులు

మొదటి శత్రువు చెద. అది మట్టిలోంచి వస్తుంది. చీకట్లో పని చేస్తుంది.

రెండోది బూజు. తడి, గాలి, వెచ్చదనం మూడూ కలిసిన చోట బూజు పెరుగుతుంది. కర్రను మెత్తగా చేసి పుచ్చిపోయేలా చేస్తుంది. పాతిన గుంజ సరిగ్గా నేల మట్టం దగ్గరే ఎందుకు విరుగుతుందో ఇప్పుడు తెలిసింది కదా! తడీ గాలీ కలిసేది అక్కడే.

మూడోది సముద్రంలో ఉంటుంది. చూడటానికి పురుగులాగే ఉంటుంది. కానీ పురుగు కాదు. అది ఆలుచిప్పల జాతిది. పిల్లగా ఉన్నప్పుడే దుంగకు సూది మొనంత బెజ్జం చేసి లోపలికి దూరుతుంది. లోపల తొలుచుకుంటూ పెరుగుతుంది. పైకి దుంగ బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం డొల్ల.

మన పెద్దలు ఊరుకున్నారా? లేదు. పచ్చి వెదురును చాలా రోజులు నీళ్ళలో నానబెట్టేవారు. అప్పుడు వెదురులో ఉన్న తీపి, పిండి పదార్థం నీళ్ళలోకి పోతాయి. పురుగుకు తిండి తగ్గుతుంది. జాలర్లు వేట నుంచి రాగానే తెప్ప విప్పేవారు. దుంగలను ఇసుక మీద ఎండబెట్టేవారు. ఎండకు లోపలి పిల్ల పురుగులు చస్తాయి. దుంగ తేలిక కూడా అవుతుంది. ఇవి అనుభవంతో వచ్చిన తెలివితేటలు. కానీ వీటికీ ఒక హద్దుంది.

రైలు కోసం మొదలైన పని

మన దేశంలో ప్రయాణికుల రైలు 1853లో మొదలైంది. బొంబాయి నుంచి ఠాణా దాకా నడిచింది. రైలు పట్టాల కింద అడ్డంగా దుంగలు వేయాలి. ఒక మైలు దారికి దాదాపు 2,000 దుంగలు కావాలి. అవీ మామూలు కర్ర కాదు. టేకు, గుగ్గిలం, దేవదారు వంటి గట్టి కర్రలే కావాలి. అడవులు చకచకా నరికేశారు. కర్ర అయిపోతుందని ఇంగ్లీషు దొరలకు భయం పట్టుకుంది.

1864లో ప్రభుత్వం అడవుల శాఖ పెట్టింది. బ్రాండిస్ అనే జర్మనీ దేశస్థుడిని దానికి పెద్దగా వేసింది. 1878లో దెహ్రాదూన్‌లో అడవుల బడి తెరిచారు. అదే ఏడు అడవి చట్టం కూడా వచ్చింది. ఆ చట్టంతో చాలా అడవులు సర్కారు చేతిలోకి పోయాయి. పోడు చేసుకునేవారికీ, కట్టెలు ఏరుకునేవారికీ ఎన్నో కష్టాలు వచ్చాయి. ఆ సంగతి కూడా మరవకూడదు.

1906లో అక్కడే అటవీ పరిశోధన సంస్థ మొదలైంది. దాని పెద్ద ఇటుక భవనం 1929లో తెరిచారు. ఏ చెట్టు ఎక్కడ పెరుగుతుంది, ఏ కర్రకు ఎంత బలం ఉంది, వెదురుతో కాగితం చేయడం ఎలా, ఇలాంటి సంగతులన్నీ అక్కడ పరీక్ష చేశారు.

గట్టి కర్ర అరుదైపోతోంది. మెత్తని కర్ర చవక. కానీ మన్నదు. మెత్తని కర్రకు మందు పట్టించి మన్నేలా చేస్తే? ఇదీ వారి ముందున్న ప్రశ్న.

సొంటి కామేశం

ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టినవారు సొంటి కామేశం. పేరు వింటేనే తెలుగువారని తెలుస్తుంది. ఆయన దెహ్రాదూన్ సంస్థలో పని చేశారు.

అప్పటికే కొన్ని మందులు ఉన్నాయి. తారు నుంచి తీసిన నూనె ఒకటి. అది వాసన కొడుతుంది. చేతికి అంటుకుంటుంది. నీళ్ళలో కరిగే మందులు కూడా ఉన్నాయి. కానీ వాన పడితే అవి కర్రలోంచి కారిపోతాయి.

1933లో కామేశం మూడు సరుకులు కలిపారు. ఒకటి రాగి. అది బూజును చంపుతుంది. రెండోది ఆర్సెనిక్, అంటే పాషాణం. అది చెదనూ పురుగునూ చంపుతుంది. మూడోది క్రోమియం. అది ఆ రెండింటినీ కర్రలో గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇక వానకు అంత తేలిగ్గా కారిపోవు. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ మందుకు ఆస్కు అని పేరు.

మందు పూస్తే చాలదు. కర్రను ఇనప గొట్టంలాంటి పెద్ద పీపాలో పెడతారు. లోపలి గాలి లాగేస్తారు. తర్వాత ఒత్తిడితో మందు నీళ్ళు ఎక్కిస్తారు. మందు లోలోపలికి పోతుంది. కర్ర ఆకుపచ్చ రంగు తిరుగుతుంది.

ఈ మందు దేశాలు దాటింది. అమెరికాలో టెలిఫోన్ స్తంభాలకు వాడారు. ఆ తర్వాత ఇళ్ళకూ, వంతెనలకూ వాడారు. లోకంలో లెక్కలేనన్ని స్తంభాలు ఈ మందుతో నిలిచాయి. కానీ కామేశం పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

విశాఖ సముద్రంలో పరీక్ష

నేల మీద పనికొచ్చిన మందు సముద్రంలో పనికొస్తుందా? అది చూడడానికి దెహ్రాదూన్ సంస్థ విశాఖపట్నంలో ఒక కేంద్రం నడిపింది. తర్వాత ఆ కేంద్రం బెంగళూరులోని కలప శాస్త్ర సంస్థ కిందికి వెళ్ళింది.

అక్కడి శాస్త్రజ్ఞులు చెక్క పలకలను ఉప్పునీళ్ళలో వేలాడదీశారు. అప్పుడప్పుడు పైకి తీసి చూశారు. మందు లేని మెత్తని పలకలు కొద్ది నెలల్లోనే జల్లెడ అయ్యాయి. మందు పట్టించిన పలకలు ఏళ్ళ తరబడి నిలిచాయి. మందు పట్టించిన తెప్పలను జాలర్లకు కూడా ఇచ్చి చూశారు.

ఇప్పుడు మన తీరంలో చాలామంది ఫైబర్ పడవలు వాడుతున్నారు. అయినా ఆ పరీక్షల విలువ తగ్గలేదు. కర్ర సముద్రంలో ఎలా పోతుందో, ఎలా నిలుస్తుందో వాటివల్లనే తెలిసింది.

మందే, విషం కూడా

ఇక అసలు మాట వినండి. ఈ మందులో పాషాణం ఉంది. చెదకు విషమైనది మనిషికీ విషమే. అందుకే అమెరికా కంపెనీలు 2003 చివరికి ఇళ్ళ కర్రకూ, పిల్లల ఆట వస్తువుల కర్రకూ ఈ మందు వాడడం మానేశాయి.

కాబట్టి ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి.

మందు పట్టించిన పాత స్తంభం ముక్క దొరికితే పొయ్యిలో పెట్టకండి. ఆ పొగ విషం. ఆ బూడిద కూడా విషమే. దానితో గిన్నెలు తోమకండి. చేనులో చల్లకండి.

పశువుల కుడితి తొట్టెకూ, తాగే నీళ్ళ దగ్గరా ఆ కర్ర వాడకండి. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

ఇంటి లోపల వాన తగలని కర్రకూ, వెదురుకూ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన మందు ఉంది. దానికి పాషాణమంత ప్రమాదం లేదు. కానీ అది వానకు కారిపోతుంది. ఏ చోటుకు ఏ మందో తెలుసుకుని వాడాలి.

మనకు ఇందులో ఏముంది?

ఒక దుంగ పదేళ్ళు ఎక్కువ మన్నితే, ఆ పదేళ్ళూ ఇంకో చెట్టు నిలుస్తుంది. ఇంటి ఖర్చు తగ్గుతుంది. దొరల రైలు కోసం మొదలైన చదువు ఇలా జాలరి తెప్ప దాకా వచ్చింది. మన దాకా వచ్చిన చదువును మనం అడిగి తీసుకోవాలి.

మందు పట్టించిన కర్ర కొనేటప్పుడు అడగండి. ఇదేం మందు? ఎక్కడ వాడొచ్చు? ఎక్కడ వాడకూడదు? మందు డబ్బా కొంటే దాని మీది అక్షరాలు కూడబలుక్కుని అయినా చదవండి. పుర్రె బొమ్మ ఉందేమో చూడండి. అక్షరం వచ్చినవారు పక్కింటివారికి కూడా చదివి చెప్పండి.

కర్రకు ఆయుష్షు పోసే మందు మన ఆయుష్షు తియ్యకూడదు. అది మన చేతిలో ఉంది. మన చదువులో ఉంది.